తొమ్మిది ఎక్కాల్లో పడ్డ పిల్ల

కూతురి నంబరులో ఏదో తేడా ఉందని మాలకొండమ్మకు ముందునుంచీ అనుమానమే. దాని చివర సున్నా ఉంది. సున్నాతో ముగిసే నంబరు ఏదీ ఆమెకు కలిసిరాలేదు. అలాంటి నంబరున్న బస్సు ఒకటి, ఆమె దిగిన తర్వాత రెండో స్టాపు దగ్గర బోల్తాపడింది. అందులో ఆమె లేదు, ఆమెకేమీ కాలేదు. ఏమీ కాకపోవడం కూడా ఆమెను నెల రోజులు భయపెట్టింది.

ఆ నంబరు ఇరవై రెండు కోట్ల ముప్పై లక్షల తొంభై రెండు వేల ఎనిమిది వందల డెబ్బై. అంకెల్లో 22,30,92,870.

రాష్ట్రంలో అంతమంది జనం లేరే అని ఎవరికైనా సందేహం రావచ్చు. నిజమే, లేరు. రాష్ట్రంలోని ప్రతి మనిషికీ ఒక నంబరు ఇవ్వాలని ప్రభుత్వం ఆ ఏడాది నిర్ణయించింది. పని చురుగ్గా సాగింది. ఊపు మీదున్న పనిని ఆపడం మంచిది కాదని ఇళ్ళకూ, బావులకూ, గేదెలకూ, కరెంటు స్తంభాలకూ, వాటి మీద వేలాడే మీటర్లకూ కూడా ఇచ్చుకుంటూ పోయారు. వరస లేదు. ఎవరు ముందొస్తే వాళ్ళకి, ఏది ముందొస్తే దానికి.

పలకల తయారీకి పేరుపడ్డ ఆ ఊళ్ళో హైస్కూలు ఆవరణలో శిబిరం పెట్టినప్పుడు మాలకొండమ్మ కూతుర్ని తీసుకుని తెల్లారకముందే వెళ్ళి క్యూలో నిలబడింది. ఆమెది పలకలకు చెక్క ఫ్రేములు బిగించే పని. ఆ రోజుకి కూలి మానుకుంది. తీరా తమ వంతు వచ్చేసరికి ఆమెకు ఒక భయం పట్టుకుంది. తను రాయించుకున్నాక మిషను ఆగిపోతే? కరెంటు పోతే? కూతురు నంబరు లేకుండా మిగిలిపోతే? వెంటనే ప్రసూనను ముందుకు నెట్టింది. అందువల్ల ప్రసూనకు 870 వచ్చింది, మాలకొండమ్మకు ఆ వెనకే 871 వచ్చింది. ఎవరి నంబరు వాళ్ళకు వచ్చింది కదా అని ఆ పూటకు ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఇంతలో రాజధానిలో సంఖ్యా సమగ్రతా మండలి అధ్యక్షులు వైకుంఠరావుగారు ఒక గణిత సదస్సుకు ముఖ్య అతిథిగా వెళ్ళారు. వేదిక మీద ఒక ప్రొఫెసరు మాట్లాడుతూ, కొన్ని పెద్ద సంఖ్యలున్నాయనీ, ఒకటీ, తామూ తప్ప వాటిని ఇంకేదీ నిశ్శేషంగా భాగించలేదనీ, వాటిని ప్రధాన సంఖ్యలంటారనీ చెప్పాడు. వైకుంఠరావుగారు అంతవరకే విన్నారు. ఇంకోచోట మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభం ఉండడంతో లేచి వెళ్ళిపోయారు. కారులో ఆయనకు మనసు మనసులో లేదు. కొన్నింటిని ఎవరూ విడగొట్టలేరంటే, మిగిలిన కోట్ల సంఖ్యలను ఎవరుబడితే వాళ్ళు విడగొట్టవచ్చన్నమాట! తలుపుల్లేని ఇళ్ళలాంటి సంఖ్యలను జనానికి పంచి ఇంతకాలం తాను నిశ్చింతగా నిద్రపోయానే!

వారం తిరక్కుండానే నిబంధనలు వచ్చాయి. ప్రధాన సంఖ్యలు గలవారిని ఇకపై 'అభేద్యులు' అనాలి. మిగిలినవారు 'విభాజ్యులు'. ఒక విభాజ్య సంఖ్య ఏయే సంఖ్యల ఎక్కాల్లో వస్తుందో, ఆయా సంఖ్యలు గలవారు దానికి పెద్దలు. అభేద్యులకు ఒకటో నంబరువారు ఒక్కరే పెద్ద. ఎవరి సంఖ్యపై ఏ చర్య తీసుకోవాలన్నా, అది స్కూల్లో చేర్చుకోవడం కావచ్చు, కేసు పెట్టడం కావచ్చు, ఆ సంఖ్య పెద్దలందరూ 'అభ్యంతరం లేదు' అని రాసివ్వాలి. తన సంఖ్యకు తాను రాసివ్వనక్కర్లేదని మాత్రం దయతలచి మినహాయించారు.

పత్రికలు మెచ్చుకున్నాయి. అభేద్యులకు ఊరూరా శాలువాలు కప్పారు. పెళ్ళి ప్రకటనల్లో కులం, గోత్రం పక్కన 'అభేద్య వధువు కావలెను' అని కూడా వేయించడం మొదలుపెట్టారు.

ఇదేమీ తెలియని ప్రసూన పాలిటెక్నిక్ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది.

కాలేజీ కౌంటరులో గుమాస్తా నంబరు కొట్టగానే కంప్యూటరు ఎర్రబడింది. అతను ఇంకోసారి కొట్టాడు. మళ్ళీ ఎర్రబడింది.

"మీ పాపది విభాజ్యమమ్మా. మండలి ఆఫీసుకెళ్ళి కాయితాలు తెచ్చుకోండి. పది రోజులు టైముంది. ఆ తర్వాత సీటు వేరేవాళ్ళకి పోద్ది," అన్నాడు.

మాలకొండమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. "నేను చెప్పలే? ఆ సున్నా చూసినప్పుడే చెప్పలే?" అంది కూతురితో.

"అమ్మా, సున్నాకీ దీనికీ సంబంధం..." అంటూ ఆగిపోయింది ప్రసూన. లెక్కల్లో ఆమె దిట్ట. చివర సున్నా ఉంటే ఆ సంఖ్య రెండో ఎక్కంలోనూ, అయిదో ఎక్కంలోనూ వస్తుంది. సంబంధం ఉంది.

జిల్లా సంఖ్యాధికారి పేరు చిదంబరం. ఆయన ఆ నంబరును కాసేపు కంప్యూటరులో చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"అమ్మా, మీ కుమార్తె సంఖ్య సామాన్యమైనది కాదు."

"ఏం జబ్బు సార్?"

"ఇందులో రెండు ఉంది. మూడు ఉంది. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు కూడా ఉన్నాయి."

"అన్నీ ఉండాయా!" మాలకొండమ్మ బెంచీ మీద కూలబడింది. ఇరవై మూడో ఎక్కం ఒకటుంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. ఆమె చదివిన ఏడో తరగతిలో ఇరవైతో ఆపేశారు.

"ఈ తొమ్మిది అభేద్య సంఖ్యల ఎక్కాలన్నింట్లోనూ వచ్చే సంఖ్యల్లోకెల్లా ఇదే చిన్నది."

"చిన్నదే గదా సార్. ముదరకముందే వచ్చాం. ఏదన్నా రాసివ్వండి, తగ్గుద్ది."

"చిన్నది కావడం దాని విశిష్టత అమ్మా, తీవ్రత కాదు," అన్నారు చిదంబరం. "ఈ తొమ్మిదింటినీ రెండేసి, మూడేసి, నాలుగేసి, అలా ఎన్ని రకాలుగా హెచ్చవేస్తే అన్ని సంఖ్యలూ దీన్ని భాగిస్తాయి. ఒకటితో కలిపి మొత్తం ఐదు వందల పన్నెండు. తన సొంత సంఖ్య తీసేస్తే మీకు కావలసిన పత్రాలు ఐదు వందల పదకొండు."

ఆయన మీట నొక్కగానే పక్కనున్న యంత్రం జాబితా అచ్చువేయడం మొదలుపెట్టింది. కాగితం బల్ల దిగి, నేల మీద పాకి, గుమ్మం దాకా వెళ్ళింది. ఆఫీసువాళ్ళందరూ లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇలాంటి సంఖ్య మన జిల్లాకు దక్కడం గర్వకారణమని ఒకాయన అన్నాడు. ఇంకొకాయన ప్రసూనను జాబితా పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు.

"సార్," అంది ప్రసూన, "ఆ తొమ్మిది మంది ఒప్పుకుంటే చాలదా? మిగతావన్నీ ఆ తొమ్మిదింటిని హెచ్చవేస్తే వచ్చేవే గదా. రెండుకీ మూడుకీ అభ్యంతరం లేనప్పుడు ఆరుకేం ఉంటది?"

చిదంబరం ఆ పిల్లవైపు జాలిగా చూశారు. "అది గణితం అమ్మాయ్. ఇది పరిపాలన."

మాలకొండమ్మకు ఒక ఆలోచన వచ్చింది. "సార్, నా నంబరు కూడా చూడండి. దాని ఎనకమాలదే."

చిదంబరం చూశారు. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. 22,30,92,871ని రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. మూడుతో భాగించినా ఒకటే. ఇరవై మూడు దాకా ఆ తొమ్మిదింటిలో దేనితో భాగించినా ఒకటే మిగులుతుంది. "మీది కూడా విభాజ్యమే గానీ అమ్మా, మీకు పెద్దలు ముగ్గురే. ఒకటో నంబరు, మూడు వందల పదిహేడో నంబరు, ఏడు లక్షల మూడు వేల ఏడు వందల అరవై మూడో నంబరు."

"అయితే నాది పిల్లకి రాయండి. దానిది నాకు రాయండి. నేనేమన్నా చదవబోతన్నానా? ఐదొందల మంది ఉంటే ఉంటారు నాకు."

"సంఖ్యల మార్పిడి నిషిద్ధం. మరణానంతర బదిలీ ఒక్కటే అనుమతించబడుతుంది."

మాలకొండమ్మ దాని గురించి కూడా ఆలోచించింది. "చచ్చిపోయినాక ఎన్ని రోజుల్లో బదిలీ అవుద్ది సార్?"

"దరఖాస్తు అందిన ముప్పై పనిదినాల్లో."

"అట్టయితే కుదరదు," అంది మాలకొండమ్మ విచారంగా. "మాకు పది రోజులే టైము."

ప్రసూన తల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఆ సాయంత్రం మాలకొండమ్మ భర్త తిరుపాలు నాగపూరు నుంచి ఫోను చేశాడు. లారీ డ్రైవరు. "నువ్వూరికే కంగారుపడమాకు. ఐదు వందలేగా, మన చుట్టాలే అంతమంది ఉంటారు," అన్నాడు. ఈ మాటకి మాలకొండమ్మ ఫోను పెట్టేసి, చుట్టాల్లో ఎవరి నంబరైనా జాబితాలో ఉందేమోనని వెతికింది. ఒక్కటీ లేదు. అక్కర్లేనప్పుడు ఎప్పుడూ వచ్చే చుట్టాలు వాళ్ళు.

మర్నాటి నుంచి తల్లీకూతుళ్ళు బస్సుల్లో తిరిగారు. జాబితాలో దగ్గరున్నది మొదట, దూరమున్నది తర్వాత.

దగ్గరున్నది ముప్పై వేల ముప్పై. అది పక్క ఊళ్ళో నల్లమోతు ఆదెయ్య ఇంటి గేదె. రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు వరసగా హెచ్చవేస్తే వచ్చే సంఖ్య దాని చెవికి తగిలించి ఉంది.

"నీ దయ ఆదెయ్య మామా, గేదె చేత ఒక్క ముద్ర ఏయించు," అంది మాలకొండమ్మ.

"నేనెట్టా ఏయించేది? పశువుల డాక్టరొచ్చి, అది స్వబుద్ధితో ఒప్పుకుందని రాసివ్వాల. నిన్న ఇద్దరొచ్చి కూర్చున్నారు. ఆయన వచ్చే టయానికి ఇది తల అటు తిప్పింది. 'సమ్మతి సందేహాస్పదం' అని రాసి ఎళ్ళిపోయాడు," అన్నాడు ఆదెయ్య. "పొద్దున పాలు తీసేముందు రండి. అప్పుడు దానికి ఎవరి మీదా కోపం ఉండదు."

పొద్దున వెళ్ళారు. గేదె ప్రశాంతంగా ఉంది. డాక్టరు దాని గిట్టకు సిరా పూసి పత్రం మీద పెట్టించాడు. కింద పెద్దల వర్గం అని ఒక గడి ఉంది: 'అభేద్య' లేదా 'విభాజ్య', ఏదో ఒక దానికి టిక్కు పెట్టాలి. గేదె విభాజ్యం. డాక్టరు టిక్కు పెట్టాడు.

ఐదు లక్షల పదివేల ఐదు వందల పది ఒక కరెంటు స్తంభం. లైన్‌మన్ చేతులెత్తేశాడు. "స్తంభం ఏం మాట్లాడలేదక్కా. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టని రూల్లో లేదు," అన్నాడు. చివరికి స్తంభాన్ని పాతిన కాంట్రాక్టరును వెతికి పట్టుకుని, దానికి సంరక్షకుడిగా సంతకం పెట్టించేసరికి ఒకటిన్నర రోజు పోయింది. తొంభై ఆరు లక్షల తొంభై తొమ్మిది వేల ఆరు వందల తొంభై ఒక బోరుబావి. అది ఎండిపోయి రెండేళ్ళయింది. దానికి వారసులెవరో తేలలేదు.

ఇక కోట్లలో ఉన్న పెద్దలైతే రాష్ట్రం నలుమూలలా ఉన్నారు. వాళ్ళలో ఒకాయన సంతకం పెట్టడానికి ముందు ప్రసూనను పదిహేడో ఎక్కం ఒప్పజెప్పమన్నాడు. ఒప్పజెప్పింది. వెనకనుంచి చెప్పమన్నాడు. అదీ చెప్పింది.

ఎనిమిదో రోజుకి చేతికి వచ్చిన పత్రాలు అరవై మూడు. రావలసినవి నాలుగు వందల నలభై ఎనిమిది.

"ఇంక అవదులేమ్మా," అంది ప్రసూన బస్సులో కూర్చుని. ఆ పిల్ల ఏడవలేదు. జాబితాను మడిచి సంచిలో పెట్టుకుంది. "నేను కూడా పలకల పనికి వస్తాలే. ఫ్రేములు బిగించటం నాకొచ్చుగదా."

మాలకొండమ్మకు ఇంతకుముందు వందసార్లు గుండె ఆగినంత పనయింది గానీ, ఈసారి నిజంగానే ఏదో అయింది. ఇరవై ఏళ్ళుగా పలకల దుమ్ము పీల్చి దగ్గే గొంతుతో, "రాజధానికి పోదాం. ఒకటో నంబరాయన కాళ్ళు పట్టుకుందాం. గడువన్నా పెంచమని అడుగుదాం," అంది.

రాజధానిలో మండలి భవనం ముందు క్యూ రెండు వీధులు తిరిగి ఉంది. మొదటి నంబర్లన్నీ ప్రారంభోత్సవం నాడు అక్కడున్నవాళ్ళకే ఇచ్చారు. ఒకటి అధ్యక్షులవారికి, రెండు వారి శ్రీమతిగారికి, మూడు వారి డ్రైవరుకి. ఏడు, ఆ రోజు వేదిక దగ్గర టీ పోసిన మస్తాన్‌వలీకి. ఇరవై మూడు షామియానా వేసినతనికి.

మస్తాన్‌వలీ భవనం పక్కనే టీ బండి దగ్గర ఉన్నాడు. బండి మీద పొయ్యి వెలగడం లేదు. 'ఏడో ఎక్కం పరిష్కార విభాగం' అని బోర్డుంది.

"అన్నా, ఒక సంతకం," అంది మాలకొండమ్మ.

"దరఖాస్తు నమోదు చేసి, టోకెను తీసుకుని, మీ వంతు వచ్చినప్పుడు హాజరు కాగలరు," అన్నాడతను గుక్క తిప్పుకోకుండా. తర్వాత ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ఏమనుకోమాకమ్మా. రాష్ట్రంలో ప్రతి ఏడుగుర్లో ఒకడు నా దగ్గరికి రావాల్సిందే. టీ పెట్టి మూడు నెలలైంది. ఇట్టా ఇయ్యి," అని సంతకం పెట్టి, అభేద్య గడిలో టిక్కు పెట్టాడు. "లోపలికి పోతన్నారా? తొందరగా పోండి. పాపం ఆయనకి చెయ్యి బాలేదు."

క్యూలో నిలబడి ప్రసూన లెక్కవేసింది. ఒకటి అన్ని సంఖ్యలనూ భాగిస్తుంది. అందుకని గేదెలూ స్తంభాలతో సహా అందరికీ వైకుంఠరావుగారి సంతకం కావాలి. ఆయన రోజుకి నాలుగు వేలు పెడుతున్నారట. "నా నంబరు దాకా వరసలో రావాలంటే నూట యాభై రెండేళ్ళు దాటుద్దమ్మా," అంది.

"ఆయనకేమన్నా అయితేనో?" అంది మాలకొండమ్మ. ఆ క్యూలో అందరూ పైకి అనకపోయినా అదే అనుకుంటున్నారు. భవనం ఎదురుగా ఆయన ఆరోగ్యం కోసం ఒక భజన బృందం కూర్చుని ఉంది.

అధ్యక్షులవారి కుడిచేతికి కట్టు కట్టి ఉంది. కార్యదర్శి ఒకాయన పక్కన నిలబడి కాగితం జరుపుతుంటే ఆయన చూడకుండా గీస్తున్నారు.

"ఏకత్వమే సమస్త సంఖ్యలకూ మూలాధారం," అన్నారాయన, ఎవరూ అడక్కపోయినా. "తదుపరి."

మాలకొండమ్మ గడువు సంగతి చెప్పుకుంది. "గడువు పెంపు మా పరిధిలోనిది కాదు," అంటూ ఆయన ప్రసూన పత్రం మీద సంతకం గీకి పక్కకు తోశారు. మాలకొండమ్మ పత్రం తీసుకుని చూసుకుంది. ఒక గడి దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ఆమెకు జీవితంలో ఎన్నో భయాలుండేవి గానీ, అన్నింటికంటే పెద్ద భయం దరఖాస్తులో ఖాళీ. ఒకసారి రేషన్ కార్డు దరఖాస్తులో భర్త పేరు పక్కన వయసు గడి ఖాళీగా ఉందని తిప్పి పంపారు. రెండేళ్ళు బియ్యం రాలేదు. అప్పట్నుంచి గ్యాసు కాగితంలో 'ఇతర వివరములు' అన్నచోట కూడా ఆమె 'మేము బాగానే ఉన్నాము' అని రాసేది. ఇప్పుడు అధ్యక్షులవారి సంతకం పక్కన వర్గం గడిలో టిక్కు లేదు.

"అయ్యా, ఇది ఖాళీ ఉంది."

"ఆ గడి నాకు వర్తించదు."

"అట్టా అయితే వర్తించదని రాయండయ్యా. ఖాళీ వదిలితే తిప్పి పంపుతారు. మీకు తెలవదు, వాళ్ళు చానా చెడ్డోళ్ళు."

వెనక క్యూ గొణిగింది. వైకుంఠరావుగారికి విసుగొచ్చింది. "అభేద్య," అని కార్యదర్శితో అన్నారు. "పెట్టు."

"సార్," అంది ప్రసూన, నోరు ఆపుకోలేక. "అభేద్యమంటే ఒకటితోనూ, తన సంఖ్యతోనూ, సరిగ్గా రెండింటితోనే భాగింపబడాలి. ఒకటిని భాగించేది ఒకటొక్కటే గదా. రెండోది యాడుంది?"

కార్యదర్శి నిబంధనల పుస్తకం తెరిచాడు. చదివాడు. "అమ్మాయి చెప్పింది మూడో నిబంధన సార్."

"అయితే విభాజ్య పెట్టు."

"విభాజ్యమంటే రెండింటికి మించి ఉండాలి సార్. తమకు ఒక్కటే ఉంది."

"మరి మూడో వర్గం?"

"లేదు సార్. తమరే అవసరం లేదన్నారు."

  తన నోటి దురద వల్ల ఇంత పెద్దాయనకి ఏదో గట్టి జబ్బే బయటపడిందని మాలకొండమ్మకు అర్థమైంది. "ఏం కాదులెండయ్యా," అంది ఓదార్పుగా. "మా పిల్లది కూడా అట్టాగే చెప్పారు ముందు."

కార్యదర్శి ఇంకా చదువుతూనే ఉన్నాడు.  "సార్, తొమ్మిదో నిబంధన. వర్గము నిర్ధారణ కాని సంఖ్య గల వ్యక్తి సంతకము చెల్లదు."

"అదెవడు రాశాడు?" అని గర్జించారు వైకుంఠరావుగారు.

కార్యదర్శి పుస్తకం ఆయనవైపు తిప్పాడు. కింద ఆయన సంతకమే ఉంది. అదీ చెల్లదు.

మధ్యాహ్నం నిపుణుల సంఘాన్ని పిలిపించారు. ఒకటి ప్రధాన సంఖ్యా కాదు, సంయుక్త సంఖ్యా కాదు, ఇది ఆరో తరగతి పుస్తకంలోనే ఉంది అని వాళ్ళు మర్యాదగా నివేదించారు. మర్నాడు పొద్దున ఉత్తర్వు వెలువడింది:

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఒకటవ సంఖ్య గల అధికారి నేటివరకు చేసిన సంతకములు చెల్లనేరవు. సదరు సంతకము లేనిదే ఏ ఇతర సంఖ్యయు చెల్లదు గనుక, రాష్ట్రమందు ఏ వ్యక్తికిగాని, పశువునకుగాని, స్తంభమునకుగాని ప్రస్తుతము అభ్యంతరము చెప్పు అర్హత లేదు. అభ్యంతరము చెప్పు అర్హత ఎవరికిని లేనందున, ఎవరికిని అభ్యంతరము లేనట్లే భావించవలెను. ఈ ఉత్తర్వు పదిహేను దినములు మాత్రమే అమలులో ఉండును.'

ఆ కాగితం నకలు చేతిలో పట్టుకుని తల్లీకూతుళ్ళు పదో రోజు సాయంత్రం నాలుగింటికి కాలేజీ కౌంటరు దగ్గరికి పరుగెత్తారు. గుమాస్తా ఉత్తర్వును రెండుసార్లు చదివాడు. మూడోసారి వేలు పెట్టి చదివాడు.

"అంటే ఈ అమ్మాయికి అందరూ ఒప్పుకున్నట్టా, ఎవరూ ఒప్పుకోనట్టా?"

"వద్దనేవాళ్ళే లేరంట సార్," అంది మాలకొండమ్మ ఎగశ్వాసతో.

అతను మూడు జిరాక్సులు అడిగి, ప్రసూనను చేర్చుకున్నాడు.

పదిహేను రోజుల తర్వాత మండలి మళ్ళీ నిలదొక్కుకుంది. 'ఆద్య సంఖ్యలు' అని మూడో వర్గం సృష్టించి, అందులో వైకుంఠరావుగారిని ఏకైక సభ్యుడిగా చేర్చారు. ఫారాల్లో రెండు గడులకు బదులు మూడు గడులు వచ్చాయి. నిబంధనలు మునుపటికంటే పటిష్టంగా అమలవుతున్నాయని ప్రకటించారు. అప్పటికే చేరిపోయినవాళ్ళ జోలికి మాత్రం పోలేదు. పోవాలంటే వాళ్ళ పెద్దలందరి పత్రాలూ కావాలి.

రెండు నెలలు గడిచాయి. ప్రసూన హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పక్క జిల్లా నుంచి సీతారావమ్మ అనే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కాళ్ళకు దుమ్ము, చంకలో కాగితాల మూట.

"అక్కా, మా పాపకి నర్సింగులో సీటొచ్చింది. దాని నంబరు నలభై నాలుగు కోట్ల అరవై ఒక్క లక్షల ఎనభై అయిదు వేల ఏడు వందల నలభై. మీ పాపకి సరిగ్గా రెండింతలంట. ఏడు వందల అరవై ఏడు సంతకాలు కావాలన్నారు. ఎండిపోయిన బోరుబావికి కూడా వారసుణ్ణి ఎతికి పట్టుకుని, ఏడు వందల అరవై ఆరు తెచ్చా. మీ పాపదొక్కటే మిగిలింది."

"గడువెప్పుడు?"

"రేపు మధ్యాహ్నం."

ప్రసూన వచ్చేది ఆదివారం. అది గురువారం. మాలకొండమ్మ ఆ మనిషి చెప్పుల వైపు చూసింది. ఒక చెప్పుకి తాడు కట్టి ఉంది. లోపలికి వెళ్ళి పెన్ను తెచ్చింది. పత్రం మోకాలి మీద పెట్టుకుని, ఏడో తరగతి నాటి గుండ్రటి అక్షరాలతో 'ప్రసూన' అని సంతకం పెట్టింది. విభాజ్య గడిలో టిక్కు పెట్టింది. ఎక్కడా ఖాళీ లేదని పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంది.

సీతారావమ్మ పత్రం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీ పాప సంతకం మీరు పెడితే పట్టుకోరా అక్కా? పట్టుకుంటే ఎట్టా? కేసవుద్దేమో? మీ పాప చదువుకేమన్నా అయితేనో?"

ఈ ప్రశ్నలన్నీ ఎన్నేళ్ళుగానో మాలకొండమ్మవే. ఇంకొకళ్ళ నోట వినడం ఆమెకు ఇదే మొదలు. వింటుంటే అవి అంత భయంగా ఏమీ అనిపించలేదు.

"పట్టుకోనీ," అంది పత్రం ఆవిడ చేతిలో పెడుతూ. "కాయితం మీదుండేది ప్రసూన నంబరు, కేసు రాస్తే దాని మీదే రాయాల. దాని మీద ఏం రాయాలన్నా ముందు ఐదొందల పదకొండు మంది మాకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాల. వాళ్ళందర్నీ కూడేసేతలికి నీ కూతురు నర్సమ్మయి, వాళ్ళకే సూదేస్తా ఉంటది. పో, నాలుగింటి బస్సుంది."